ఆటో మీటర్ ఎవరి కోసం?

హైదరాబాద్‌లో ఆటో ఎక్కాలంటే ముందు బేరం ఆడాలి. "మీటర్ వెయ్యన్నా" అంటే, "ఏ కాలంలో ఉన్నారు సార్, నూట యాభై ఇవ్వండి" అంటాడు. మీటర్ మాత్రం ముందే ఉంటుంది, దాని మీద తువ్వాలు ఆరేసి ఉంటుంది.

అతన్ని తిట్టి లాభం లేదు. ఇక్కడ మీటర్ రేటు ఖరారైంది 2014లో. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఆ లెక్కన ఐదు కిలోమీటర్లకు 60 రూపాయలు కూడా రావు. గ్యాస్, టైర్లు, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఏవీ అక్కడే ఆగలేదు కదా! ఆ రేటుకు నడిపితే అతనింట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ప్రకారం ఛార్జీలు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. మరి రెండేళ్లకోసారైనా ఇంధనం ధర చూసి సవరించొచ్చుగా? పెంచితే జనం తిడతారని భయం. పెంచకపోతే జనం బాగుపడ్డారా? వాన పడితే రెట్టింపు, రాత్రయితే నోటికొచ్చినంత. ఆసుపత్రికి పోయే ముసలమ్మ దగ్గరా అదే బేరం. మెట్రో ఛార్జీలకైతే చట్టప్రకారం హైకోర్టు న్యాయమూర్తి లేదా మాజీ న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీ వేస్తారు. 2025లో ఆ ఛార్జీలు పెరిగినప్పుడు ఎంత గొడవైనా, కనీసం ఏ స్టేషన్‌కు ఎంతో ఎక్కేముందే తెలుస్తుంది. ఆటోకు ఆ మాత్రం పద్ధతి ఎందుకు పెట్టరు? న్యాయమైన రేటు పెట్టండి, పెంచే పద్ధతి ముందే చెప్పండి, ఆ తర్వాత మీటర్ వెయ్యనివాడికి జరిమానా వేయండి.