దేవదారు చెక్కలో నూనె గొట్టాలు లేవు

"దేవదారు చెక్క నిండా సన్నని నూనె గొట్టాలు ఉంటాయి. అందుకే వెయ్యేళ్లయినా పుచ్చదు, చెద పట్టదు. సెడార్ అన్నా దేవదారు అన్నా ఒకటే. ఈ నూనె రోజూ నాలుగు చుక్కలు తాగితే షుగర్ దగ్గరికి రాదు." ఈ మెసేజ్ మా కుటుంబం గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపినది మా పెద్దక్క. ఆవిడకు షుగర్ ఉంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

నూనె గొట్టాల సంగతి ముందు. టేకు ముక్కను అడ్డంగా కోసి చూడండి, సూదితో గుచ్చినట్టు చిల్లులు కనిపిస్తాయి. అవి నీళ్లు పారే దారునాళాలు. వేప, మామిడి, తుమ్మ, అన్నిటిలోనూ ఉంటాయి. దేవదారు వీటి వర్గానికి చెందదు. అది పైన్‌కు చుట్టం, కోనిఫర్. ఈ వర్గం చెట్లలో దారునాళాలే ఉండవు. చెక్కలో 90 శాతానికి పైగా ట్రాకీడ్‌లనే సన్నని పొడవాటి కణాలే. నీటిని పైకి చేర్చేవీ అవే, చెట్టును నిలబెట్టేవీ అవే.

గొట్టాలంటే రెజిన్ అనే జిగట బంక ఉండే నాళాలని మెసేజ్ రాసినవారి ఉద్దేశం కావచ్చు. అవి చీర్ పైన్‌లో ఉంటాయి. హిమాలయాల్లో ఆ చెట్టుకు గాటు పెట్టి రెజిన్ తీస్తారు, టర్పెంటైన్ వచ్చేది దాన్నుంచే. దేవదారు చెక్కలో మామూలుగా ఈ నాళాలు కూడా ఉండవు. చెట్టుకు గాయమైతే మాత్రం ఆ ఏటి వలయం వెంట ఒక వరసలో పుట్టుకొస్తాయి. అంటే చెక్కలో నాళాల వరస కనబడితే అది పాత దెబ్బకు గుర్తు. నాకు ఈ చెట్టులో అన్నిటికన్నా నచ్చే విషయం మరొకటి. పక్కపక్క ట్రాకీడ్‌ల మధ్య నీరు దాటే చిన్న గుంటలుంటాయి, వాటి నడుమ మూతలాంటి బిళ్ల ఉంటుంది. పైన్‌లో ఆ బిళ్ల అంచు నున్నగా ఉంటుంది. దేవదారులో కుచ్చులు పెట్టినట్టు ఉంటుంది. మైక్రోస్కోప్ కింద దేవదారు చేరిన సెడ్రస్ ప్రజాతిని పట్టిచ్చే గుర్తు అది.

మరి ఆ వాసన, ఆ నూనె ఎక్కడివి? చేవలోవి. చెట్టు లావెక్కే కొద్దీ లోపలి చెక్కలో బతికున్న కణాలు చనిపోతాయి. పోయేముందు తమలోని నిల్వలను రకరకాల రసాయనాలుగా మార్చి చెక్కలో వదిలిపోతాయి. అలా తయారైనదే చేవ. దేవదారు చేవలో ముఖ్యమైనవి హిమాచలీన్‌లు, అట్లాంటోన్‌లు, హిమాచలోల్. హిమాచలీన్ అణువులో 15 కార్బన్లు, 24 హైడ్రోజన్లు, ఆరు కార్బన్ల వలయానికి అతుక్కుని ఏడు కార్బన్ల వలయం. 1960ల్లో పుణేలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీలో సుఖ్‌దేవ్, ఆయన సహచరులు ఈ నిర్మాణాల మీద పనిచేశారు. మన దేశపు చెట్టు రసాయనాన్ని మన దేశపు ల్యాబ్‌లోనే విప్పి చూపిన పని అది. గొట్టాల కథలు చెప్పేవాళ్లు దీని గురించి ఒక్క ముక్క రాయరు, నాకు బాధనిపించేది అక్కడే.

"వెయ్యేళ్లయినా పుచ్చదు" అన్నదానిలో సగం నిజం. చేవకు మాత్రమే ఆ గట్టిదనం. బెరడు కింది తెల్లచెక్కలో ఈ రసాయనాలు చేరవు, దానికి చెద పడుతుంది, బూజు పడుతుంది. మనాలీలో 1553లో కట్టిన హిడింబా ఆలయం ఈ చెక్కతోనే నిలిచి ఉంది. చేవతో పాటు వాననీటిని దూరంగా జార్చే వాలు కప్పు కూడా దాన్ని కాపాడింది. శ్రీనగర్ జామియా మసీదులో 300కు పైగా దేవదారు స్తంభాలున్నాయి. ఆ మసీదు 1479, 1620, 1674లలో అగ్నికి ఆహుతై మళ్లీ లేచింది. పుచ్చకుండా ఆపే చేవ మంటను ఆపలేదు.

సెడార్ అన్న పేరైతే పెద్ద గందరగోళం. లెబనాన్ సెడార్, అట్లాస్ సెడార్ దేవదారుకు సొంత అన్నదమ్ములు. అట్లాంటోన్ పేరు అట్లాస్ నుంచే వచ్చింది. పెన్సిళ్లకు వాడిన అమెరికా ఎర్ర సెడార్ మాత్రం జూనిపర్ అనే వేరే ప్రజాతి చెట్టు. దాని నూనెలో ముఖ్యమైనవి సెడ్రీన్, సెడ్రోల్. ఆ నూనె గుణాలను తెచ్చి దేవదారుకు అంటగట్టకూడదు.

ఇక తాగడం. అక్కా, దయచేసి వద్దు. హిమాచలోల్ కండరాల బిగువును సడలిస్తుందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. షుగర్ మాత్ర బదులు ఈ నూనె తాగమనడానికి అది ఆధారం కాదు. హిమాచల్‌లో ఈ చెట్టును కేలో అంటారు. చెక్కను కాల్చి దించిన కేలోన్ తైలాన్ని అక్కడ పశువుల చర్మరోగాలకు పైపూతగా రాస్తారు. గాఢమైన చెక్క నూనెను డాక్టరును అడగకుండా కడుపులోకి పంపడం ప్రమాదం.

చివరిది, మన ఊళ్లకు సంబంధించినది. తెలుగులో దేవదారు అని పిలిచే చెట్టు ఇంకొకటి ఉంది, ఎరిథ్రాక్సిలమ్ మోనోగైనమ్. మన మెట్ట అడవుల్లో పెరిగే చిన్న చెట్టు, చెక్కకు మంచి వాసన. చిత్రమేమిటంటే ఈ రెండు చెట్ల శాస్త్రీయ నామాల వెనుకా ఒకే మనిషి ఉన్నాడు: మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్. కానీ ఇది పూల చెట్టు, దీనిలో దారునాళాలుంటాయి. పోయినేడు అక్క ఒక దుకాణంలో "అసలు హిమాలయ దేవదారు" అని పూజామందిరం కొన్నది. నేను దాని అడుగున ఒక మూల బ్లేడుతో నున్నగా చెక్కి, పదింతలు చూపే లెన్స్ పెట్టి చూశాను. చిల్లులు స్పష్టంగా కనిపించాయి. అది ఏ చెట్టో చెప్పలేను గానీ, కోనిఫర్ మాత్రం కాదు. మీరూ కొనేముందు చెక్క కొసను ఇలాగే చూడండి, బిల్లు మీద సెడ్రస్ దేవదారా అని రాసివ్వమనండి.