జనానికి బుద్ధి లేదటండీ!

ఇప్పుడే ఇంటికొచ్చాం. నా చెప్పు ఒకటి ఆ గ్రౌండులోనే పోయింది. కాళ్లు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

రాజమండ్రిలో మ్యూజికల్ నైట్ అన్నారు. మావారికి ఆఫీసులో ఎవరో గోల్డ్ పాసులిచ్చారు. గోల్డ్ అంటే ముందు వరసేమో అనుకుని పిల్లల్ని, మామయ్యగారిని వెంటబెట్టుకుని రావులపాలెం నుంచి పడుతూ లేస్తూ వెళ్లాం. తీరా చూస్తే గోల్డ్ పైన ప్లాటినం, దానిపైన వీఐపీ, ఆ పైన వీవీఐపీ. అన్నిటికంటే అడుగున ఉన్నది మా గోల్డ్. బంగారం ఇంత చవకైపోయిందని నాకు ఈ రోజే తెలిసింది.

ముందు వరసల్లో సోఫాలు సగం ప్రోగ్రామ్ అయ్యేదాకా ఖాళీ. వాటి వెనక అడ్డంగా సరుగుడు బాదులు కట్టి బౌన్సర్లని నిలబెట్టారు. మా వైపు కుర్చీల మీద చున్నీలు, కర్చీఫులు. ఒకావిడైతే పసివాడి పాలసీసా పెట్టి వరసంతా ఆపేసింది. అదేంటమ్మా అంటే "మావాళ్లు పార్కింగులో ఉన్నారండీ" అంది. ఉంటారు, ఉంటారు. ఆ పార్కింగులోంచి ఎవరైనా బయటపడ్డారా అసలు? యాభై రూపాయలు గుంజి ఇచ్చిన రసీదు మీద "వాహనం పోతే మా బాధ్యత లేదు" అని రాసుంది. మరి ఆ యాభై దేనికయ్యా, బండిని వెన్నెల్లో పెట్టుకున్నందుకా?

కాసేపటికి మామయ్యగారికి ఉక్కపోతకి చెమటలు పట్టేశాయి. బయటికి తీసుకెళ్దామంటే ఉన్న గేటు ఒక్కటే, అందులోంచి జనం ఇంకా వస్తూనే ఉన్నారు. వెనక మరో గేటు ఉంది. దానికి గొలుసు, గొలుసుకి తాళం. "బాబూ, పెద్దాయనకి బాగోలేదు, కాస్త తియ్యమ్మా" అని వాలంటీరు కుర్రాణ్ణి బతిమాలాను. "తాళం ఎలక్ట్రీషియన్ దగ్గరుందండి, టిఫినుకెళ్లాడు" అన్నాడు. గేటు తాళం ఎలక్ట్రీషియన్‌కి ఎందుకిచ్చారో ఆ దేవుడికే తెలియాలి. స్టేజీ మీద యాంకరమ్మ మాత్రం "రాజమండ్రీ, ఎనర్జీ సరిపోవట్లేదూ!" అని ఒకటే కేకలు. ఇక్కడ ఊపిరాడక చస్తుంటే ఈవిడకి ఎనర్జీ కావాలట!

అది కూడా ఓర్చుకున్నాను. ఆఖర్న ఆర్గనైజరుగారు మైకు అందుకుని ఏమన్నారో తెలుసా? "దయచేసి తోసుకోకండి. మన జనానికి క్రమశిక్షణ లేకపోవడం వల్లే ఇదంతా." అక్కడ ఒళ్లు మండింది నాకు.

ఇది రాజమండ్రిలో పాత పాటేనండి. 2015 జులై 14, పుష్కరాల మొదటి రోజు గుర్తుందా? కోటగుమ్మం దగ్గర, పుష్కర్ ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. వీఐపీలకని సరస్వతి ఘాట్ విడిగా ఉన్నా, ఆ పొద్దున పెద్దల పుణ్యస్నానాలు పుష్కర్ ఘాట్‌లోనే. 144 ఏళ్లకోసారి వచ్చే మహాపుష్కరం, ఈ ముహూర్తం పోతే మళ్లీ రాదు అని టీవీల్లో ఊదరగొట్టింది జనమా? తర్వాత విచారణ కమిషన్ వేశారు. తేలిందేమిటయ్యా అంటే ముహూర్తం మీద ప్రచారం, జనం గుడ్డి నమ్మకం. ఇన్ని ఘాట్లుండగా అందరూ అక్కడికే ఎందుకెళ్లారని ఇప్పటికీ నన్నే అడుగుతారు, అక్కడికి రమ్మని నేనేదో బొట్టుపెట్టి పిలిచినట్టు. అవతలి గట్టున కొవ్వూరులో స్నానాలకి గోష్పాద క్షేత్రం లేదా అంటారు. ఉంది. ఆ మాట ఆ రోజు టీవీలో చెప్పకపోయారా?

జనానికి బుద్ధి లేకపోతే కనుమ రోజు మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థం ఎలా జరుగుతోందండీ? చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు రుద్రులు, అంటే ఆయా ఊళ్ల శివుళ్లు, వెదుళ్లతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల మీద వస్తారు. "అశ్శరభ శరభ" అంటూ అంతేసి ప్రభని భుజాల మీద ఎత్తుకుని పచ్చని చేలల్లోంచి నడుస్తారు, కౌశిక అనే కాలవలో దిగి అవతలి గట్టు ఎక్కిస్తారు. చేను తొక్కారని ఏ రైతూ గొడవకి రాడు, ప్రభ తన చేలోంచి వెళ్లిందని మురిసిపోతాడు. ఎదురుగా ప్రభ వస్తోందంటే జనం వాళ్లంతట వాళ్లే దారి ఇస్తారు. గోల్డూ లేదు, ప్లాటినమూ లేదు. ఇవాళ ఆ గ్రౌండులో ఉన్నదీ అలాంటి జనమే కదా? జొన్నాడ బ్రిడ్జి దాటేసరికి బుద్ధి గోదాట్లో జారిపోయిందా?

మామయ్యగారు ఇప్పుడు బాగానే ఉన్నారు, మజ్జిగ తాగి పడుకున్నారు. ఆర్గనైజర్లు మాత్రం "అశేష జనవాహిని మధ్య దిగ్విజయంగా" అని అప్పుడే ఫోటోలు పెట్టేశారు. ఫోటోలన్నీ సోఫాలవే. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలట, అప్పటికి ఇంకెన్ని రంగుల పాసులు పుట్టుకొస్తాయో.

ఇక "అంత ఇబ్బందైతే ఎందుకెళ్లారండీ" అని కామెంట్ పెట్టబోయే మహానుభావులకి ఒక్క మాట. ముందు మీ పాసు ఏ రంగో చెప్పి, తర్వాత మాట్లాడండి.