సవరణ: మూతపడింది మ్యూజియం, గిల్డ్ కాదు

బ్రిటన్‌లో దుప్పట్లు కుట్టేవాళ్ల సంఘమైన క్విల్టర్స్ గిల్డ్ 2015లో మూతపడిందని మొన్నటి పోస్టులో ఉంది. మూతపడింది యార్క్‌లో గిల్డ్ 2008లో తెరిచిన క్విల్ట్ మ్యూజియం మాత్రమే. 1979లో పుట్టిన గిల్డ్ ఇప్పటికీ నడుస్తోంది, పాత దుప్పట్ల సేకరణ కూడా దాని దగ్గరే ఉంది.

ఆ సేకరణలోని 1718 నాటి పట్టు దుప్పటిని బొంత అని రాశాను. ఫొటో చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది లెండి. కానీ మన బొంతలా పొరలు పేర్చి, పైనుంచి కిందికి టాకాలు వేసింది కాదు. పట్టు ముక్కల్ని కాగితం అచ్చుల మీద మడిచి, అంచుకు అంచు కలిపి చేత్తో కుట్టారు. సంవత్సరం దాని మీదే ఉంది. బ్రిటన్‌లో తేదీ ఉన్న అతుకుల పనుల్లో ఇప్పటివరకు తెలిసినంతలో ఇదే పాతదన్న మాటలో మార్పు లేదు.