దెబ్బ తగిలాక ఆట ఆపేది ఎవరు?

2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రాలో జరిగిన భారత్-ఆస్ట్రేలియా టీ20 గుర్తుందా? చివరి ఓవర్లో స్టార్క్ వేసిన బంతి జడేజా హెల్మెట్‌కి తగిలింది. ఇన్నింగ్స్ పూర్తయ్యేదాకా ఆడాడు కానీ తర్వాత ఫీల్డింగ్‌కి రాలేదు, అతని బదులు కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా (తల దెబ్బకి మెదడు కుదుపుకి గురైన ఆటగాడి బదులు వచ్చేవాడిగా) దిగిన చాహల్ మూడు వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కొట్టేశాడు. అది న్యాయమేనా అని జనం తెగ వాదించుకున్నారు. ఐసీసీ ఆ రూల్‌ని 2019 ఆగస్టులోనే తెచ్చింది, అంటే కోట్లు సంపాదించే ఆటగాడి తలకి ఒక రూల్ ఉంది. మన వీధిలో ఆడే పన్నెండేళ్ల పిల్లాడికి ఏముంది?

మా కాలనీ గ్రౌండ్‌లో ఒకసారి క్యాచ్ కోసం ఇద్దరు పిల్లలు పరిగెత్తి తలలు గుద్దుకున్నారు. ఒకడికి బొప్పి కట్టింది. నీళ్లు తాగించి "ఏం కాలేదులే, ఆడుకో" అన్నది నేనే. కాసేపటికి వాడు స్కోరెంత అని మూడోసారి అడిగాడు, అందరం నవ్వాం. అడిగిందే మళ్లీ అడగడం కంకషన్ లక్షణమని నాకు అప్పుడు తెలీదు.

హెల్మెట్ కొనిచ్చాం కదా అనుకుంటాం. హెల్మెట్ ముఖ్యంగా పుర్రె పగలకుండా కాపాడుతుంది, కానీ లోపల మెదడు కుదుపుకి గురికాకుండా పూర్తిగా ఆపలేదు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా కంకషన్ ఉండొచ్చు. అది తగ్గకముందే ఇంకో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల కుర్రాడు 2006లో దెబ్బ తగిలాక మళ్లీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లోకి దిగి, మెదడులో రక్తస్రావమై ఏళ్ల తరబడి కోలుకోలేకపోయాడు. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతోనే చట్టం చేసింది: అనుమానం ఉంటే వెంటనే ఆట ఆపాలి, వైద్య నిపుణులు రాసిచ్చేదాకా మళ్లీ దిగకూడదు. తర్వాత అక్కడి రాష్ట్రాలన్నీ అలాంటి చట్టాలే తెచ్చుకున్నాయి.

మన దగ్గర హెల్మెట్ సంగతే ఇంకా అంతంతమాత్రం. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, బాగుంది, కానీ ఆదివారం పొద్దున చూడండి, చాలామంది పిల్లల హెల్మెట్లు నుదురంతా బయటపెట్టి వెనక్కి జారి ఉంటాయి, పట్టీ వదులుగా వేలాడుతుంటుంది. కనుబొమ్మల పైన రెండు వేళ్ల ఎత్తులో కూర్చోకపోతే అది టోపీతో సమానం. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నదాన్ని తమ్ముడికి ఇవ్వడం ఇంకో పొదుపు. లోపలి ఫోమ్ ఒక్కసారి నలిగితే దాని పని అయిపోయినట్టే.

ఇక స్కూలు గేటు దగ్గర ఈ-చలాన్ కెమెరా భయంతో నాన్న తలకి హెల్మెట్ ఉంటుంది, వెనక కూర్చున్న పాప తలకి రిబ్బన్లు. నాలుగేళ్లు దాటిన పిల్లలకీ బైక్ మీద హెల్మెట్ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. అంతకంటే చిన్నవాళ్లలో తొమ్మిది నెలలు దాటినవాళ్లకి హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్లకి కట్టే బెల్టు, గంటకి 40 కిలోమీటర్లు మించని వేగం అన్న రూల్ 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఎంతమందికి తెలుసు?

కబడ్డీకి అసలు హెల్మెట్టే లేదు. మోకాలు కణతకి తగిలినా, పట్టులో పడి తల నేలకి కొట్టుకున్నా దుమ్ము దులిపి మళ్లీ కూతకి పంపుతాం. అందుకే నా దృష్టిలో అసలు ప్రశ్న సామాను గురించి కాదు, ఆపే అధికారం గురించి. జిల్లా సెలెక్షన్స్ రోజు తల దిమ్ముగా ఉందని ఏ పిల్లాడూ తనంతట తాను చెప్పడు, గెలుపు కావాల్సిన కోచ్ అడగడు, కప్పు కావాల్సిన స్కూలు పట్టించుకోదు, "మగపిల్లాడివి, దీనికే ఏడుస్తావా" అనే మనం సరేసరి. ప్రతి స్కూలు మ్యాచ్‌కీ ఆ జట్టుతో సంబంధం లేని వేరే స్కూలు పీఈటీ సారుకి ఈ ఆట ఆపే పని అప్పగించొచ్చు. తలకి దెబ్బ తగిలితే ఆ పిల్లాడికి ఆ రోజు ఆట బంద్. వాంతులు, తలనొప్పి పెరగడం, మత్తుగా పడిపోవడం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆసుపత్రికి. దీన్ని నేర్పడానికి అరగంట చాలు.