దేశం పరువు తీసిన చేమకాడ

ప్రజల పరువు కాపాడటం ఏ ప్రభుత్వానికైనా ముఖ్యమైన పనే. కాకపోతే ఆ పరువు పోయిందని ముందు ఎవరో ఒకరు చెప్పాలి. జపాన్ సర్కారుకి ఆ సంగతి 1872లో తెలిసింది.

అంతకుముందు, టోక్యో ఇంకా ఎడోగా ఉన్న కాలంలో, ర్యోగోకు ప్రాంతంలో యోత్సుమెయా అనే కొట్టు నిక్షేపంగా నడిచింది. అమ్మేవన్నీ పడకగది సరుకులు: మాత్రలు, లేపనాలు, హరికత అనే కృత్రిమ లింగాలు. కొట్లో కావాలనే వెలుతురు తక్కువ ఉంచేవారట. పక్కన బేరమాడుతున్నది సొంత మామగారని తెలిస్తే ఎవరికైనా టెన్షనే కదా!

నాణ్యతలో మాత్రం రాజీ లేదు. మేలురకం హరికతను తాబేటి చిప్పతోనో గేదె కొమ్ముతోనో చేసేవారు. లోపల బోలు. వేడినీళ్లలో ముంచిన దూది కూరితే ఒంటి వెచ్చదనం వచ్చేది. అప్పట్లో జపాన్‌ని ఏలిన సేనాధిపతి షోగన్. ఆయన కోటలోని ఓఒకు అంతఃపురంలో వందల మంది ఆడవాళ్లు, మగవాడేమో ఒక్క షోగన్. ఈ లెక్క చూసి అప్పటి చిత్రకారులు, కవులు హరికతలకు అక్కడ గొప్ప గిరాకీ అని తేల్చేశారు. లోపలికి వెళ్లి చూసే వీలు వాళ్లలో ఎవరికీ లేదు కాబట్టి సగం తీసేసి నమ్మొచ్చు.

హిగో సీమది మరో ప్రతిభ. ఇప్పటి కుమమోతో అదే. చేమ జాతి మొక్క కాడల్ని ఎండబెట్టి, తాడులా పేని, నీళ్లలో నానబెట్టి మగవాళ్లు అంగానికి చుట్టుకునేవారు. పేరు హిగో జుయికి. మనింట్లో చేమకాడ పులుసులో పడి గొంతు దురద పెడితే వండినవాళ్లని తిడతాం. అక్కడ ఆ దురదకే ధర. ఆ సీమనేలిన హొసొకావా ప్రభువులు దీన్ని షోగన్‌కి కానుకగా పంపేవారని చెబుతారు. కప్పం కట్టడంలో ఇంత ముందుచూపు అరుదు.

తర్వాత పాశ్చాత్యుల ఓడలు వచ్చాయి, వాటితో పాటు సిగ్గూ దిగింది. 1872లో టోక్యో అధికారులు చిల్లర నేరాల జాబితా ఒకటి ప్రకటించారు. ఒంటిమీద పచ్చబొట్లు, ఆడా మగా కలిసి స్నానాలు, షుంగ అనే శృంగార చిత్రాలు, ఆ తరహా వస్తువుల అమ్మకం, అన్నీ ఒకే తాడుకి కట్టేశారు. తెల్లదొర చూస్తే ఏమనుకుంటాడో అన్నదే అసలు బెంగ.

ఆ దొరగారి బ్రిటిష్ మ్యూజియమే 2013లో షుంగ ప్రదర్శన పెట్టింది. జనం విరగబడి చూశారు. జపాన్‌లో పెద్ద మ్యూజియాలు మాత్రం మాకొద్దంటే మాకొద్దన్నాయి. చివరికి 2015లో టోక్యోలోని ఎయిసెయి బుంకో అనే చిన్న మ్యూజియం ధైర్యం చేసింది. అది హొసొకావా వంశం వారిదే. అప్పట్లో దాని పెద్ద మాజీ ప్రధాని మొరిహిరో హొసొకావా. చేమకాడలు పంపిన ఇల్లు, ఆ మాత్రం తెగువ ఉండదా?