సైన్సు క్లాసుకి పట్టిన శని

ఇది శాస్త్రవేత్తల మీద ఫిర్యాదు. ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతున్నవాడిని. పొద్దున్నే ఫోనుకి మొహం చూపించి హాజరు వేయించుకుని, మధ్యాహ్న భోజనం లెక్కలు అందులోనే ఎక్కించి, నెట్ ఎక్కడ బాగా వస్తే ఆ వేపచెట్టు కింద నిలబడి, మిగిలిన టైములో పాఠం చెప్పేవాడిని. కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

విషయం శనితో మొదలైంది. మామూలుగా అన్నీ ఆయనతోనే మొదలవుతాయి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు శనికి ముప్పై చిల్లర ఉపగ్రహాలు. గౌరవప్రదమైన సంఖ్య. అలాగే ఉండనిచ్చి ఉంటే ఎవరికీ నష్టం లేదు. 2019 అక్టోబరులో ఒకేసారి ఇరవై కొత్తవి దొరికాయని ప్రకటించారు. మొత్తం 82. అప్పటిదాకా 79తో ముందున్న గురువు వెనకబడ్డాడు. గురువు శని చేతిలో ఓడిపోవడం మా వృత్తిలో కొత్త కాదు గనుక సర్దుకుపోయాం. 2023 ఫిబ్రవరిలో గురువు 92తో మళ్లీ ముందుకొచ్చాడు. ఆ సంతోషం మూడు నెలలు కూడా నిలవలేదు. మే నెలలో శని 145కి వెళ్లాడు. మధ్యలో ఇంకొకటి ఎప్పుడు చేరిందో నేను గమనించనే లేదు, 2025 మార్చిలో ఒక్క దెబ్బకి 128 కలిపి 274 అన్నారు. మార్చి! పిల్లలు పరీక్షల్లో ఉన్న నెల. ఒక్క సైంటిస్టుకైనా ఆ ఆలోచన వచ్చిందా?

ఫలితం మేము అనుభవించాం. పోయిన జులైలో పెట్టిన చిన్న పరీక్షలో "శనికి గల ఉపగ్రహాలెన్ని?" అన్నది ఒక మార్కు ప్రశ్న. మా దగ్గరున్న గైడు ప్రకారం కీలో 82 అని రాసుకున్నాను. క్లాసులో ముప్పై ఎనిమిది మంది 82 రాశారు. ఇద్దరు ఖాళీ వదిలారు. ఒక అమ్మాయి 274 రాసింది. సున్నా వేశాను. కీ అంటే కీ.

పేపర్లు ఇచ్చిన రోజు ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "సార్, మిగతా 192 ఏం చేశారు సార్?" అంది.

గొడవగా అనలేదు. రేషన్ షాపులో బియ్యం తక్కువొస్తే అడిగినట్టు అడిగింది. వాళ్ల నాన్న ఫోన్లో నాసా వాళ్ల సైటు తెరిచి చూసిందట. అంతకుముందు వారం చూడమని చెప్పింది నేనే. ఆన్‌లైన్ సాధనాలు వాడి బోధించాలని శిక్షణలో మాకు చెప్పారు, నేను వాళ్లకి చెప్పాను. చెప్పినంత మాత్రాన నిజంగానే చూస్తారని శిక్షణలో ఎక్కడా హెచ్చరించలేదు.

మా క్లాసులో గోడకి 65 అంగుళాల స్మార్ట్ ప్యానెల్ ఉంది. వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టాం, మూలకి పసుపు కుంకుమ పెట్టాం. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది, శుక్రగ్రహం చూపించినప్పుడల్లా సరిగ్గా పక్కన కనిపిస్తుంది. దాని పెన్ను పోతుందేమోనన్న టెన్షన్‌తో బీరువాలో పెట్టాం. బీరువా తాళం హెడ్‌మాస్టరు గారి దగ్గర ఉంటుంది. అలా రెండేళ్లు ఆ ప్యానెల్ చెక్కుచెదరలేదు. తర్వాత నా బుద్ధి గడ్డి తిని, అందులో ఫెట్ సిమ్యులేషన్లు వేశాను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఫెట్ అనేది అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంవాళ్ల పని. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టాడు. డబ్బు కట్టక్కర్లేదు. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. బ్యాటరీ, బల్బు, వైరు తెర మీద ఉంటాయి, వేలితో లాగి కలుపుకోవడమే. ఇందులో పెద్ద లోపం ఒకటుంది. జవాబు చివరి పేజీలో ఉండదు.

ఎవరూ పిలవకుండా నోరెత్తని ఒక కుర్రాడు లేచి వెళ్లి బ్యాటరీ రెండు కొసల్నీ ఒకే వైరుతో కలిపాడు. మధ్యలో బల్బు లేదు. బ్యాటరీ భగ్గుమంది, బొమ్మలోనే. క్లాసంతా ఓ అని అరిచింది. మళ్లీ చేశాడు. మళ్లీ మంట. ఇంకొకడొచ్చి మధ్యలో బల్బు పెట్టాడు, మంట రాలేదు. "ఎందుకు రాలేదురా?" అని వాళ్లలో వాళ్లే తగువు పడ్డారు. "బల్బు అడ్డం పడుతుందిరా, కరెంటు అంత జోరుగా పోలేదు" అని వెనక బెంచీలోంచి ఒకడు. నిరోధం అనే మాట నేనింకా చెప్పలేదు. పాఠం నా అనుమతి లేకుండా ముందుకెళ్లిపోతోంది.

సరిగ్గా అప్పుడే తనిఖీకి పెద్దసారు వచ్చారు.

"ఏంటి మాస్టారూ ఈ గోల?"

"విద్యుత్ వలయాలు సార్."

"మరి పిల్లలు నవ్వుతున్నారేంటి?"

దీనికి సమాధానం నా పాఠ్య ప్రణాళికలో లేదు. ఆయన మంచివారు, కోప్పడలేదు. పిల్లల్ని చేతులు కట్టుకుని కూర్చోమన్నారు. తెర మీద మంట ఆర్పించి, ఏదైనా శుభ్రమైన బొమ్మ పెట్టమన్నారు. మొక్క భాగాలు పెట్టాను. ఒక ఫొటో తీసి, డిజిటల్ తరగతి బాగా జరుగుతోందని అక్కడే ఎక్కించారు. ఫిజికల్ సైన్సు పీరియడ్‌లో మందార పువ్వు ఎందుకుందని ఆ ఫొటో చూసినవాళ్లెవరూ ఇంతవరకు అడగలేదు.

చంద్రయాన్ సంగతి ఇంకా ఘోరం. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి విక్రమ్ దిగింది. పిల్లల్ని కూర్చోబెట్టి చూపించాం, చప్పట్లు కొట్టాం, జెండాలతో ఫొటో దిగాం. అక్కడితో ఆపితే గౌరవంగా ఉండేది. నాలుగు రోజులకే ఇస్రోవాళ్లు చంద్రుడి నేలలో దింపిన థర్మామీటరు గ్రాఫు బయటపెట్టారు. పైన 50 డిగ్రీల పైమాట. ఎనిమిది సెంటీమీటర్ల లోతుకి వెళ్లేసరికి మైనస్ 10 దగ్గర. జానెడు కూడా లేదు, ఎండాకాలం నుంచి మంచుగడ్డలోకి దిగిపోయింది.

"మా ఏట్లో కూడా అంతే సార్" అన్నాడొకడు. "మధ్యాహ్నం ఇసుక మీద కాళ్లు కాలిపోతాయి. చెలమ తవ్వితే లోపల చల్లగా ఉంటుంది."

నిజానికి ఏటి ఇసుకలో తడి ఉంటుంది. చంద్రుడి మీద ఉన్నది ఎండిన పిండిలాంటి దుమ్ము, రేణువుల మధ్య గాలి కూడా లేదు, అందుకే వేడి కిందికి దిగదు. పోలిక ఎంతవరకు కుదురుతుందో, ఎక్కడ తెగిపోతుందో తేల్చుకుంటూ కూర్చుంటే ఒక పీరియడ్ హాయిగా గడిచేది. మామూలు థర్మామీటరు పట్టుకుని ఏటికి వెళ్తే ఇంకా బాగుండేది. కానీ ఉష్ణం పాఠం మా వార్షిక ప్రణాళికలో డిసెంబరులో ఉంది. "డిసెంబరులో గుర్తుచెయ్యరా" అన్నాను. డిసెంబరుకి వాడు మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు గానీ, అప్పటికి యూనిట్ టెస్టు దగ్గరపడింది.

2025లో వచ్చిన తోకచుక్క గురించి ఎక్కువ చెప్పను. చిలీలోని అట్లాస్ టెలిస్కోపు జులై 1న పట్టుకుంది, సౌరకుటుంబం బయటి నుంచి వచ్చినవాటిలో మనకి తెలిసిన మూడోది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం అది గ్రహాంతరవాసుల ఓడగా దిగింది. భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా దాదాపు 27 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉందని పిల్లలు ప్యానెల్ మీద చూసి, ఇంటికెళ్లి చెప్పారు. మర్నాడు ఒక తండ్రి వచ్చి, పిల్లలు పెద్దవాళ్లకి ఎదురు చెబుతున్నారని నా మీద ఫిర్యాదు చేశాడు.

ఇవన్నీ ఆలోచించి ప్రభుత్వానికి, శాస్త్రలోకానికి నాదొక విన్నపం. బడిలో పిల్లల లెక్కని సెప్టెంబరు 30న తేల్చినట్టే, ఉపగ్రహాల లెక్కకీ ఏటా ఒక తేదీ పెట్టాలి. ఆ తర్వాత దొరికినవాటిని వచ్చే విద్యా సంవత్సరం అడ్మిషన్ల కింద చూపించుకోవాలి. కనిపెట్టేదేదో వేసవి సెలవుల్లో, పుస్తకాలు ప్రెస్సుకి వెళ్లకముందే కనిపెట్టాలి. 2006 ఆగస్టులో ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేసినప్పుడు నా క్లాసులో తొమ్మిది గ్రహాల పాఠం అయిపోయి రెండు వారాలైంది. నోట్సులు దిద్దడం కూడా పూర్తయింది. పారిస్‌లో ఆఫీసు పెట్టుకున్న ఖగోళ సంఘంవాళ్లకి ఎర్ర సిరా ఖరీదు తెలిసే అవకాశం లేదు.

విన్నపం రాసి పెట్టుకున్నాను గానీ పంపలేదు. మొన్న రెండో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఆగిపోవలసి వచ్చింది. నేను పంతానికి అదే ప్రశ్న మళ్లీ ఇచ్చాను. ఆ అమ్మాయి ఇలా రాసింది: "82 (2019 అక్టోబరు నాటికి). 274 (2025 మార్చి నాటికి). ఈ పేపరు దిద్దే రోజుకి ఎన్నో చూసుకోగలరు సార్."

చూశాను. రాత్రి పదకొండున్నర దాకా చూశాను. శని నుంచి మొదలుపెట్టి ఎటెటో వెళ్లాను. ఫోన్ చార్జింగ్ అయిపోతే లేచాను.

మార్కుల రిజిస్టరులో ఒక ప్రశ్నకి ఒకటే గడి ఉంది, అందులో ఒకటో సున్నానో పడుతుంది. ఆ ఒక్క పేపరు ఇంకా దిద్దలేదు. ప్యానెల్ పెన్ను పక్కన, బీరువాలో పెట్టాను.