బొమ్మలేసేవాళ్లకి ఇల్లెవరిస్తారు?

బెర్లిన్‌లో అద్దె ఇల్లు వెతుక్కుంటున్న చిత్రకారిణి అక్క, అక్కడే ఉద్యోగం చేస్తున్న తమ్ముడు. మోడర్న్ ఆర్ట్ అంటే తమ్ముడికి పడదు.

తమ్ముడు: ఏమీ అనుకోకక్కా, సూటిగా అడుగుతాను. ఇక్కడ ఇల్లు ఇవ్వాలంటే మూడు నెలల జీతం స్లిప్పులు అడుగుతారు, బాకీలు సరిగ్గా కడుతున్నామో లేదో చెప్పే షూఫా రిపోర్టు అడుగుతారు. డాక్టరైనా డ్రైవరైనా ఇదే పద్ధతి. ఆర్టిస్టుకి వేరే రూల్ ఎందుకుండాలి?

అక్క: వేరే రూల్ ఎవరడిగార్రా? ఆ కాగితాలు నెలనెలా జీతం వచ్చేవాళ్లని చూసి పెట్టుకున్నవి. నాకు ఒక పెద్ద కాన్వాస్ అమ్ముడైతే ఆ డబ్బుతో ఐదారు నెలలు గడుస్తాయి. ఏడాది మొత్తం లెక్కేస్తే అద్దె కట్టగలను, మూడు నెలలే చూస్తే చేతిలో ఏమీ కనపడదు. కొత్తగా దిగినవాళ్లకి షూఫాలో చరిత్రే ఉండదు. ఇల్లు మారాక రెండు వారాల్లోపు అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దానికి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి, టాక్స్ నంబర్ ఆ అడ్రస్‌కే పోస్టులో వస్తుంది. తాత్కాలికంగా గది ఇచ్చేవాళ్లేమో ‘ఉండండి గానీ రిజిస్ట్రేషన్ కుదరదు’ అంటారు. ఇంకెక్కడ మొదలుపెట్టాలి చెప్పు!

తమ్ముడు: ఓనర్ వైపు నుంచి కూడా చూడు. ఇక్కడ అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించడం అంత తేలిక కాదు. డిపాజిట్ కూడా మూడు నెలల అద్దెకి మించి తీసుకోకూడదు, అది కూడా మూడు వాయిదాల్లో కట్టొచ్చని చట్టమే చెప్తోంది. నువ్వు ఆర్నెల్లు అద్దె ఎగ్గొడితే ఆయన గతేంటి? ఆయనకి నీ మీద పగేం లేదక్కా, భయం.

అక్క: ఆ భయం నిజమే, కాదనను. కానీ ఇదే దేశంలో ఆర్టిస్టుల సామాజిక బీమా సంస్థ 1983 నుంచి నడుస్తోంది. మామూలుగా యజమాని కట్టాల్సిన సగం బీమా డబ్బుని ప్రభుత్వం, ఆర్టిస్టుల పనిని వాడుకునే కంపెనీలు కలిసి కడతాయి. మా ఆదాయం ఎగుడుదిగుడుగా ఉంటుందని ప్రభుత్వానికి అర్థమైంది. ఇంటి దగ్గరికొచ్చేసరికి ఎవరికీ అర్థం కాదు.

తమ్ముడు: అసలు జనం డబ్బు అందులో ఎందుకు పెట్టాలని నా ప్రశ్న. గోడకి టేపుతో అతికించిన అరటిపండు 2024లో వేలంలో 62 లక్షల డాలర్లకి పోయింది. నల్ల చతురస్రం గీసి మాస్టర్‌పీస్ అంటారు. అదెవరైనా గీస్తారు కదా?

అక్క: అరటిపండుకి నేను జవాబుదారీని కాదు. అది వేలంపాట లోకం, మాకూ దానికీ సంబంధం లేదు. కానీ మాలెవిచ్ అనే చిత్రకారుడు గీసిన ఆ నల్ల చతురస్రం జోలికొస్తే ఊరుకోను. 1915 నాటిది. దగ్గరికెళ్లి చూస్తే ఆ నలుపంతా సన్నని పగుళ్లు, ఆ పగుళ్లలోంచి కింది రంగులు కనిపిస్తాయి. ఎక్స్‌రే తీస్తే కింద ఇంకో రెండు బొమ్మలున్నాయని 2015లో తేలింది. ఒక మనిషి రెండు బొమ్మలు కప్పేసి అక్కడికి చేరాడు. ‘ఎవరైనా గీస్తారు’ అనేవాళ్లు దాని ముందు ఎంతసేపు నిలబడి ఉంటారు?

తమ్ముడు: నిలబడ్డా నాకేమీ అనిపించకపోతే?

అక్క: అనిపించకపోతే పోనీ, అది నీ ఇష్టం. కానీ ఒకటి విను. నువ్వు పనికిరాదంటున్న ఈ ఆర్ట్‌లో ఎంతో భాగం పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు చవక గదుల్లో ఉండి చేసిందే. పికాసో స్పెయిన్ వాడు, 1904లో పారిస్‌లో శిథిలమైపోతున్న ఒక చెక్క భవనంలో దిగాడు, 1907లో ‘అవిన్యోన్ యువతులు’ అనే బొమ్మ అక్కడే వేశాడు. అది చూసి స్నేహితులే బెంబేలెత్తారు, 1916 దాకా బయట ప్రదర్శించనే లేదు. అప్పుడు ఏ ఓనరైనా ఆయన్ని మూడు నెలల స్లిప్పులు అడిగితే ఏం చూపిస్తాడు? అదే ఊళ్లో 1902లో బూషే అనే శిల్పి ‘లా రూష్’ అని స్టూడియోల భవనం కట్టి, తక్కువ అద్దెకిచ్చాడు. రష్యన్ సామ్రాజ్యం నుంచి వచ్చిన షగాల్, సూటిన్ అనే చిత్రకారులు అక్కడ ఉన్నారు. మన దేశపు చిత్రకారుడు రజా 1950లో ఫ్రెంచ్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పారిస్ వెళ్లి, దశాబ్దాలు అక్కడే ఉండిపోయారు. మాకు కావాల్సింది భవంతి కాదురా. ఐదడుగుల కాన్వాస్ నిలబెట్టే గోడ, వెలుతురు, టర్పెంటైన్ వాసనకి గొడవ చేయని పక్కింటివాళ్లు.

తమ్ముడు: సరే, మరి న్యూయార్క్‌లో సోహో అనే పేట సంగతి? ఖాళీ ఫ్యాక్టరీల్లో ఆర్టిస్టులు చేరారు, 1971లో వాళ్లు ఉండొచ్చని రూల్ కూడా మార్చారు. తర్వాత గ్యాలరీలు, ఖరీదైన షాపులు, చివరికి డబ్బున్నవాళ్లు. చవక గదులు వెతుక్కుంటూ మీరు వెళ్తారు, మీ వెనకాలే అద్దెలు పెరుగుతాయి, ముందు నుంచీ ఉన్న కూలివాళ్లు ఊరి బయటికి పోతారు. వాళ్ల గురించి మీ ఎగ్జిబిషన్లలో ఎవరూ మాట్లాడరు.

అక్క: ఇది గట్టి మాటే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ తప్పు గది వెతుక్కున్నవాడిదా, ఆ వీధిని రియల్ ఎస్టేట్‌కి వదిలేసిన నగరానిదా? అదే న్యూయార్క్‌లో 1970లో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ పాత భవనాన్ని వెస్ట్‌బెత్ పేరుతో ఆర్టిస్టుల ఇళ్లుగా మార్చారు. సోహో చేతులు మారిపోయింది గానీ, వెస్ట్‌బెత్‌లో ఇప్పటికీ ఆర్టిస్టులే ఉంటున్నారు. అలాంటివి మాకూ, ఆ కూలివాళ్లకీ కట్టమంటున్నాను. ఇక ఓనర్లని నేనడిగేది జీతం స్లిప్పు బదులు టాక్స్ ఆఫీసు ఇచ్చే ఏడాది ఆదాయం కాగితం చూడమని.

తమ్ముడు: కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర అదీ ఉండదుగా?

అక్క: ఉండదు. అందుకే మొదటి ఏడాదికి నగరమే జామీను ఉండాలంటున్నాను. పారిస్‌లో సిటే అంతర్జాతీయ కళల కేంద్రం 1965 నుంచి ఉంది, 300కు పైగా స్టూడియోలు. కొన్ని నెలలు ఉండి పని చేసుకోనిస్తారు, ఆ తర్వాత మళ్లీ వీధిలోకే. ఆ ‘తర్వాత’ గురించే నా గొడవంతా.